ప్లంబింగ్ నేర్చుకోవాలంటే: కాగితమూ కావాలి, మేస్త్రీ కూడా కావాలి

పది తప్పినవాళ్ళు, ఇంటర్ మధ్యలో ఆపేసినవాళ్ళు, డిగ్రీ చేతికొచ్చినా ఉద్యోగం రానివాళ్ళు కూడా ప్లంబింగ్‌లోకి ఎలా రావాలని అడుగుతున్నారు. ఐటీఐలో చేరాలా, తెలిసిన ప్లంబింగ్ మేస్త్రీ వెనక వెళ్ళాలా అన్నదే అందరి టెన్షన్. నన్నడిగితే రెండూ చేయాలి. ఏది ముందన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుంది.

కాగితం సంగతి ముందు చెప్పేస్తాను. ఐటీఐలో ప్లంబర్ ట్రేడ్ ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైతే చాలు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ లాగా ఈ ట్రేడ్ ప్రతిచోటా ఉండదు కాబట్టి అప్లై చేసేముందే ఏ ఐటీఐలో సీట్లున్నాయో కనుక్కోండి. హైదరాబాద్‌లో హైటెక్స్ దగ్గరున్న న్యాక్‌లో, అంటే నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌లో, తక్కువ రోజుల్లో అయ్యే ప్లంబింగ్ కోర్సులు కూడా నడుస్తుంటాయి, ఏడాది ఆగలేనివాళ్ళు అక్కడ అడగొచ్చు.

తర్వాత అప్రెంటిస్‌షిప్. ఇది 1961 చట్టం కింద నడిచేది. అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్లో పేరు నమోదు చేసుకుంటే కంపెనీకీ మీకూ మధ్య రాతపూర్వకంగా కాంట్రాక్టు అవుతుంది, నెలనెలా స్టైపెండ్ వస్తుంది. 2019 నిబంధనల్లో కనీస స్టైపెండ్ పది పాసైనవాళ్ళకి 6,000, ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకి 7,000 రూపాయలు. ఇది తర్వాత మారి ఉండొచ్చు కాబట్టి చేరేముందు ఇప్పటి రేటు పోర్టల్లో చూసుకోండి. కాంట్రాక్టు లేకుండా ‘ఊరికే వచ్చి నేర్చుకో’ అంటే అది అప్రెంటిస్‌షిప్ కాదు, కూలీ లేని పని.

ఒక తిరకాసుంది. 30 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థలకే అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. అంటే పోర్టల్లో మీకు దొరికేది పెద్ద బిల్డరో, హోటలో, ఆసుపత్రో, ఫ్యాక్టరీ మెయింటెనెన్సో అవుతుంది గానీ మీ వీధిలో ఇళ్ళకి పైపులు వేసే మేస్త్రీ కాదు. మెయింటెనెన్స్‌లో పడితే వాషర్లు, ఫ్లష్ ట్యాంకులు, మోటార్లు బాగా వస్తాయి, కొత్త పని మాత్రం చూడరు. అందుకే సెలవు రోజుల్లోనైనా, కాంట్రాక్టు అయ్యాకైనా కొత్త ఇళ్ళకి ప్లంబింగ్ చేసే మేస్త్రీని పట్టుకోండి.

మేస్త్రీని ఎలా ఎంచుకోవాలి? మంచివాడా, కోపిష్టా అని కాదు, ఆయన చేతిలో ఇప్పుడు ఎలాంటి సైట్లున్నాయో చూడండి. గోడలు లేచి, ప్లాస్టరింగ్ ఇంకా కాని సైట్ అయితే బంగారం. పైపు కోసం గోడలో గాడి కొట్టడం, పైపులు వేయడం, నీళ్ళు ఒత్తిడితో నింపి లీకులు చూసే ప్రెషర్ టెస్టింగ్, అసలు విద్య అంతా అక్కడే ఉంది. టైల్స్ అయ్యాక కుళాయిలు బిగించడం ఎవరైనా నేర్చుకుంటారు. రోజు కూలీ ఎంత, లెక్క వారానికా నెలకా, దూరం సైట్‌కి పెట్రోలు ఎవరిది అన్నవి మొదటిరోజే మాట్లాడేసుకోండి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సైట్లలో ఒడియా మేస్త్రీలు చాలామంది కనిపిస్తారు, కేంద్రపాడా జిల్లా పట్టాముండై వైపు ఇది తరాలుగా వస్తున్న వృత్తి, అక్కడ ప్రభుత్వ ప్లంబింగ్ సంస్థే ఉంది. వాళ్ళ గ్యాంగులో చోటు దొరికితే వదులుకోకండి, కాస్త హిందీ ఉంటే సరిపోతుంది.

మొదటి నెలల్లో మీ చేతికిచ్చేది సీపీవీసీ జాయింట్లే, అంటే వేడినీళ్ళు, చన్నీళ్ళకి వేసే ప్లాస్టిక్ పైపుల అతుకులు. చిన్న పనే గానీ లీకులన్నీ ఇక్కడే పుడతాయి. పైపు అడ్డంగా తిన్నగా తెగాలి, దానికి హాక్సా కంటే కట్టర్ మేలు. అంచున లేచిన పొట్టు గీసెయ్యండి, గుడ్డతో తుడవండి, తడి ఉండకూడదు. సొల్యూషన్, అంటే అతికించే జిగురు, పైపుకి కాస్త దండిగా, ఫిట్టింగ్ (పైపులు కలిపే ముక్క) లోపల పల్చగా రాయాలి. లోపల ఎక్కువైతే అది పైపులోనే గడ్డకట్టి దారి మూసేస్తుంది, ఇల్లు కట్టిన ఏడాదికి ‘షవర్ సన్నగా వస్తోంది’ అని ఫోన్ వస్తుంది. లోపలికి తోస్తూ పావు చుట్టు తిప్పి, అర నిమిషం అలాగే గట్టిగా పట్టుకోండి, వదిలితే పైపు వెనక్కి తన్నుతుంది. సెట్ అయ్యాక వంకర కనిపించిందని మళ్ళీ తిప్పొద్దు, కోసేసి కొత్తది వెయ్యండి.

ఆ తర్వాత మార్కింగ్. మేస్త్రీ గోడ మీద గీతలు గీస్తుంటే ఫోన్ పక్కనపెట్టి చూడండి. వేడి, చన్నీళ్ళు కలిపిచ్చే వాల్ మిక్సర్‌కి వేడినీళ్ళు ఎడమ, చన్నీళ్ళు కుడి, రెండు పాయింట్ల మధ్య సెంటర్ టు సెంటర్ 6 అంగుళాలు, రెండూ ఒకే మట్టంలో ఉండాలి. ఎల్బో (పైపు మలుపు ముక్క) మూతి ప్లాస్టరింగ్, టైల్ మందం కలుపుకున్నాక గోడకి సరిగ్గా సమానంగా రావాలి. లోపలికి పోతే నిపుల్స్, అంటే పొట్టి పైపు ముక్కలు, పెట్టి సాగదీయాలి, బయటికి వస్తే గోడకి ఆనాల్సిన గుండ్రటి కప్పు కూర్చోదు. టైల్ అతికించాక ఎవరూ ఏమీ చేయలేరు, ఓనర్ మాత్రం మీవంకే చూస్తాడు.

డ్రైనేజీలో వాటమే, అంటే పైపు వాలే, ప్రాణం. అడుగుకి పావు అంగుళం చొప్పున పది అడుగులకి రెండున్నర అంగుళాలు, కళ్ళతో కాదు, రసమట్టం పెట్టి చూసుకోండి. బాత్రూం నేలలో జాలీ కింద ఉండే నానీ ట్రాప్‌లో కనీసం రెండు అంగుళాల నీళ్ళు నిలవాలి, కంపు గాలి రాకుండా ఆపేది అవే. వాడని బాత్రూంలో కంపు వస్తోందని జనం ఫినాయిల్ సీసాలు పోస్తుంటారు, ట్రాప్ ఎండిపోయి ఉంటే రెండు చెంబుల మంచినీళ్ళు చాలు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. సెప్టిక్ ట్యాంకులోకో మ్యాన్‌హోల్‌లోకో దిగమంటే, ఎవరు చెప్పినా, ఎంతిస్తామన్నా దిగొద్దు. లోపలి గ్యాసుకి మనిషి నిమిషాల్లో పోతాడు. రక్షణ ఏర్పాట్లు లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా. గాడి కొట్టేటప్పుడు కళ్ళద్దాలు, మాస్కు మీ డబ్బులతోనైనా కొనుక్కోండి.

పనిముట్లు ఒకేసారి కొనక్కర్లేదు. టేపు, రసమట్టం, మార్కర్, హాక్సా, 14 అంగుళాల పైప్ రెంచ్, ఇవి మీవంటూ ఉండాలి. మిగతావి మేస్త్రీవి వాడుకోవచ్చు.

గల్ఫ్ ఆలోచన ఉన్నవాళ్ళు పది పాసవ్వడం మర్చిపోకండి, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (దేశం దాటి పనికెళ్ళే అనుమతి) తలనొప్పి తగ్గుతుంది. అక్కడ ట్రేడ్ టెస్టులు పెడతారు, సర్టిఫికెట్ అప్పుడు పనికొస్తుంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలు చూపించే ప్రభుత్వ సంస్థలే, ముందు అక్కడ అడగండి. ప్రైవేటు ఏజెంటయితే రిజిస్ట్రేషన్ నంబరు చూడనిదే పాస్‌పోర్టు చేతికివ్వొద్దు.

సొంతంగా పని ఎప్పుడు పట్టొచ్చు? ఒక బాత్రూంకి మార్కింగ్ మీరే చేసి, మెటీరియల్ లిస్టు రాసి షాపుకి పంపితే, ఎల్బోలూ టీ ఫిట్టింగులూ మళ్ళీ తెచ్చుకోకుండా పని పూర్తయిందంటే మొదలుపెట్టేయొచ్చు. రేటు పాయింటుకా (ఒక్కో కుళాయి చోటుకి), బాత్రూంకా అన్నది ముందే తేల్చి, గాడి పూడ్చడం, మోటార్ కనెక్షన్ అందులో ఉన్నాయో లేవో వాట్సాప్‌లోనైనా రాసి పంపండి, అడ్వాన్స్ పడ్డాకే గోడ మీద మిషన్ పెట్టండి.