మంగలి కత్తి లాగుతోందా? రాయి తీసే ముందు నీళ్లు చూడండి

మా తాత పొదిలో దొరికిన కత్తి ఇది. పిడి దగ్గర సోలింగెన్ (కత్తులకు పేరుపడ్డ జర్మనీ పట్టణం) అన్న ముద్ర సగం అరిగిపోయింది. నల్లగొండ దుకాణాల్లో ఇప్పుడు మనిషికో కొత్త బ్లేడు పెట్టే కత్తులే వాడుతున్నారు. ఒకరి రక్తం మరొకరికి అంటకుండా ఉండాలంటే అదే సరైన పద్ధతి. ఇంట్లో ఒక్కరే వాడుకునే పాతరకం కత్తి గురించే ఈ మాటలు. నేర్చుకునే రోజుల్లో నేను కత్తిలో లేని లోపాలన్నీ వెతికి, దాని ఆయుష్షు కొంత సానరాయి మీద అరగదీశాను.

కత్తి కోయకుండా వెంట్రుకను లాగుతోంది

మా జిల్లా బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. గడ్డం గీసుకునేవాడికి అడ్డొచ్చేది అది కాదు, నీటిని కఠినం చేసే కాల్షియం, మెగ్నీషియం. అవి సబ్బును తెల్లటి తరకలా విరగ్గొడతాయి, నురగ నిలవనివ్వవు. నురగ చెంప మీదే ఆరిపోతే వెంట్రుక నానదు. నానని వెంట్రుక మీద ఎంత పదునైన కత్తయినా లాగుతుంది. మూడు వారాలు వరసగా నూరి విసిగిపోయాక ఒకరోజు బోరులో నీళ్లు రాక నల్లా నీళ్లతో గీసుకున్నాను. అదే కత్తి, అదే సబ్బు. చెంప మీద గరగర చప్పుడు మాత్రం లేదు. వాన నీళ్లు పట్టుకోగలిగితే అవీ మంచివే. ఏ నీళ్లయినా వేడి చేసి, గడ్డాన్ని రెండు మూడు నిమిషాలు నాననివ్వండి.

అప్పటికీ లాగితే చేతి వాలు చూసుకోవాలి. కత్తి చర్మానికి దాదాపు 30 డిగ్రీల్లో ఉండాలి. అంటే కత్తి వెన్నుకూ చెంపకూ మధ్య ఆ వెన్ను మందానికి సుమారు రెండింతల ఖాళీ. అంతకంటే పైకి లేపితే కత్తి గీకుతుంది.

ఈ రెండూ బాగుంటే అప్పుడు పదునును అనుమానించండి. ట్యూబ్‌లైటు కింద అంచును కంటికి ఎదురుగా పట్టుకోండి. పదునైన అంచు కంటికి ఆనదు. మొద్దుబారిన చోట సన్నటి తెల్లగీత మెరుస్తుంది. గీత లేకపోతే తోలుపట్టా మీద 50, 60 సార్లు లాగితే చాలు. గీత కనిపిస్తేనే రాయి.

పట్టా మీద లాగాక ఇంకా మొద్దుబారింది

పట్టా సడలి ఉంది, లేదా మీరు కత్తిని నొక్కుతున్నారు. తోలు కుంగి అంచు చుట్టూ వంగుతుంది, అంచు గుండ్రబడుతుంది. పట్టాను బిగించి పట్టుకుని, కత్తి బరువు తప్ప మరేదీ దాని మీద పడనివ్వకండి. పట్టా మీద వెన్ను ముందు నడవాలి, రాయి మీద అంచు ముందు నడవాలి. చివరకు వచ్చాక కత్తిని వెన్ను మీదుగా దొర్లించాలి. నా మొదటి పట్టా నిండా గాట్లే, ఈ ఒక్కటి మరిచిపోయినందుకు. గుండ్రబడిన అంచును పట్టా బాగు చేయలేదు, 8000 నంబరు రాయి (నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నగా ఉంటుంది) మీద కొన్ని సార్లు లాగాల్సిందే.

ఎంత నూరినా కొంత భాగానికే పదును వస్తోంది

అంచు పొడవునా స్కెచ్ పెన్నుతో నల్లగీత గీసి, రాయి మీద ఒక్కసారి లాగి చూడండి. నా కత్తికి కొన దగ్గరా మడమ (పిడి వైపు చివర) దగ్గరా నలుపు చెరిగింది, నడుమ రెండు వేళ్ల వెడల్పున అలాగే మిగిలింది. కత్తి నిక్షేపంగా ఉంది, రాయి మధ్యలో గుంటపడింది. ఇంట్లో సమతలం కావాలంటే వంటగట్టు గ్రానైటు పలకను మించింది లేదు. నీళ్లలో తడిపి వాడే గరుకు కాగితాన్ని దాని మీద పరిచి, రాయి మీద పెన్సిలుతో గళ్లు గీసి, ఆ గళ్లన్నీ చెరిగిపోయేదాకా రుద్దండి. వంటింటివాళ్లు చూడకముందే గట్టు కడిగేయడం మంచిది.

నడుమ మాత్రమే చెరిగితే అంచు నవ్వుతున్న పెదవిలా వంగి ఉందన్నమాట. అలాంటి కత్తిని మడమ నుంచి కొన దాకా ఏటవాలుగా లాగాలి. ఎలా లాగినా వెన్ను రాయిని వదలకూడదు, కోణం నిలిపేది వెన్నే. బాగా మొద్దుబారితేనే 1000తో మొదలుపెట్టి 4000, 8000కు వెళ్లాలి.

పదునుగానే ఉంది, అయినా చెంపంతా రక్తపు చుక్కలు

ఎక్కువ నూరారు. అంచు మీద కంటికి కనిపించనంత పల్చటి రేకు లేచింది. నున్నటి రాయి మీద రెండు మూడు సార్లు, అంచు వెనక ఉండేలా తేలిగ్గా లాగండి. తర్వాత మామూలు వైపు కొన్ని సార్లు, ఆపైన పట్టా.

తుప్పు

స్నానాలగదిలో పెట్టకండి. పిడి సందు కూడా ఆరేలా తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క పూయండి. కొబ్బరినూనె కొన్నాళ్లకు బంకగా మారుతుంది.

చక్రం మీద సాన పట్టించాక పదును నిలవడం లేదు

అంచు దగ్గర నీలం మచ్చ ఉందేమో చూడండి. కరెంటు చక్రం వేడికి ఉక్కు మెత్తబడితే ఆ రంగు వస్తుంది. మచ్చ ఉన్నంత మేరా అరగదీస్తే తప్ప పదును నిలవదు, అంత అరిగాక కత్తి మిగలదు. నా దగ్గర అలాంటిది ఒకటుంది, మా అబ్బాయి పెన్సిళ్లు దాంతోనే చెక్కిపెడుతున్నాను.