ఊరు చూసి రాయడం, 6వ పాఠం: పని మీద వెళ్లిన పరాయి నగరంలో మొదటి రోజు

విమానం దిగిన దగ్గర్నుంచి హోటలు గదిలో సామాను దింపేదాకా చూసింది రాయమని పోయిన పాఠంలో అభ్యాసం ఇచ్చాను. చాలామంది పంపారు. మన విశాఖ షిప్‌యార్డు పనుల మీద వెళ్లినవాళ్లు, పరవాడ ఫార్మా కంపెనీలవాళ్లు, రొయ్యల ఎగుమతిదారులు ఉన్నారు. ఎక్కువమంది వెళ్లింది టోక్యోకే కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే తీసుకుంటాను. ఈసారి రెండో రోజు గురించి చెప్పాలి కానీ మొదటి రోజే ఇంకా గాడిన పడలేదు. రెండో రోజు వాయిదా. వీసాలు, కరెన్సీ, సామాను సంగతి మీకు తెలిసిందే, వాటి జోలికి పోను.

వచ్చినవాటిలో చాలావాటిలో ఈ మూడు వాక్యాలున్నాయి: "రోడ్లు అద్దంలా ఉన్నాయి. ఎక్కడా చెత్త లేదు. జపాన్ వాళ్ల క్రమశిక్షణ చూసి మనం నేర్చుకోవాలి." ఇవి రాయడానికి టోక్యో దాకా వెళ్లక్కర్లేదు, విశాఖ ఎంవీపీ కాలనీలో ఇంట్లో కూర్చున్నా రాయొచ్చు. అన్ని తప్పుల్లోకీ నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. అందుకని ఇక్కడే కాసేపు ఆగుదాం.

చెత్త లేదని రాసే ముందు మీ చేతిలో ఏముందో చూసుకోండి. స్టేషన్ దగ్గర కొన్న అన్నం ముద్దకు చుట్టిన ప్లాస్టిక్ రేపరు ఉంటుంది. దాన్ని ఏం చేశారు? ఒక్కరూ రాయలేదు. టోక్యో వీధుల్లో చెత్తబుట్ట దొరకడమే కష్టం. 1995 మార్చి 20న అక్కడి భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువుతో దాడి జరిగింది. ఆ తర్వాత భద్రత కోసమని స్టేషన్లలోనూ బయటా చాలా బుట్టలు తీసేశారు. జనం తమ చెత్త సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్తారు. ఖాళీ సీసాలకైతే కూల్‌డ్రింకు మెషీన్ల పక్కన గుండ్రటి కన్నాలున్న పెట్టెలు కనిపిస్తాయి. "రేపరు మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను. రాత్రి గదికొచ్చి జేబు దులిపితే రెండు రేపర్లు, కాఫీ కప్పు మూత బయటపడ్డాయి" అని రాయండి. ఊరు శుభ్రమో కాదో చదివేవాళ్లే తేల్చుకుంటారు.

ఇక "జపాన్ వాళ్లు" అని మొదలయ్యే వాక్యం. రొయ్యల వ్యాపారం చేసే ఒకాయన "జపాన్ వాళ్లు ఎస్కలేటర్ మీద ఎడమ పక్కన నిలబడి కుడి పక్క ఖాళీగా వదులుతారు" అని రాశారు. టోక్యోలో అంతే. షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు ఎక్కి రెండున్నర గంటల్లో ఒసాకాలో దిగండి, అక్కడ కుడి పక్కన నిలబడతారు. ఆయన సరిగానే చూశారు, కాకపోతే షినగావా స్టేషన్లో చూసినదాన్ని దేశం మొత్తానికి అంటగట్టారు. "షినగావా స్టేషన్లో ఉదయం ఎనిమిదింటికి" అని మొదలుపెడితే చాలు, ఆ వాక్యాన్ని ఎవరూ కాదనలేరు. చోటు, వేళ, కంటపడింది. ఈ మూడూ లేని వాక్యాన్ని కొట్టేస్తాను. మొదటి రోజు రాతలో "అద్భుతం", "సుందరం" కూడా కొట్టేస్తాను. అది నా పట్టింపు, ఈ పాఠాలు అయ్యేదాకా ఓపిక పట్టండి.

చోటూ వేళా గుర్తుండవంటారా? బిల్లు వెనక రాసుకోండి. నేను చేసేది అదే. ముందు వైపు తారీకు, టైము అచ్చయి ఉంటాయి. చోటు పేరు పక్కన మన లిపిలో రాసుకుంటే సరి. వారంలోగా నోట్‌బుక్‌లోకి ఎక్కించండి, ఆ కాగితం మీద అచ్చు వెలిసిపోతుంది.

విశాఖతో పోలికల సంగతి. టోక్యో తీరంలోని ఒడైబా గురించి "ఒడైబా మన ఆర్కే బీచ్‌లా ఉంది" అంటే మనవాళ్లకు ఆర్కే బీచే కనిపిస్తుంది, ఒడైబా కనిపించదు. 1850ల్లో ఫిరంగులు పెట్టడానికి సముద్రంలో పోసిన దిబ్బలతో మొదలైన చోటు అది, అక్కడి ఇసుక తెచ్చి పోసింది. ఈ సంగతంతా ఆ పోలిక కింద పడిపోయింది. పనిచేసే తీరు చెప్పడానికైతే పోలిక పెట్టండి. టోక్యోలో చాలా వీధులకు పేర్లుండవు. చిరునామాలో పేట పేరు, దాని భాగం నంబరు, బ్లాకు నంబరు, భవనం నంబరు ఉంటాయి. మన ద్వారకానగర్ డోర్ నంబర్లు 47తో మొదలై గీతలు పెట్టుకుంటూ పోతాయి చూడండి, ఆ పద్ధతే. ట్యాక్సీ డ్రైవరు వీధి పేరు అడక్కుండా దారి చూపే మెషీన్లో అంకెలు ఎందుకు నొక్కాడో మన పాఠకుడికి వెంటనే తెలుస్తుంది.

కాళ్ల కింద కూడా చూడండి. ప్లాట్‌ఫారం మీద పసుపు పలకలుంటాయి, సూట్‌కేసు చక్రాలు వాటి మీదికెక్కగానే గడగడమంటాయి. పొడుగు గీతలుంటే ముందుకు నడవమని, గుండ్రటి బొడిపెలుంటే ఆగమని. చూపులేనివాళ్లు కాలితో చదువుకోవడానికి సేయిచి మియాకె తయారుచేస్తే, 1967లో ఒకయామాలో మొదట పరిచారు. ఆ చప్పుడు అందరూ విన్నారు, రాసింది ఇద్దరే.

మీటింగుల మధ్య ఊరు చూసే తీరికెక్కడిది అన్నారు కొందరు. టోక్యో మనకంటే మూడున్నర గంటలు ముందు. అక్కడ అర్ధరాత్రయితే మీ ఒంటికి ఎనిమిదిన్నరే, ఎలాగూ నిద్రపట్టదు. గదిలోంచి కిందికి దిగండి. రైళ్లు రాత్రంతా ఉండవు, అర్ధరాత్రి దాటిన కాసేపటికి ఆఖరిది వెళ్లిపోతుంది. ఆ వేళ స్టేషన్ మెట్ల దగ్గర నిలబడితే పొద్దున మీటింగు గదిలో కనిపించని టోక్యో కనిపిస్తుంది.

అభ్యాసం: ఆదివారం పొద్దున్నే విశాఖ రైల్వేస్టేషన్ దగ్గర 900కె బస్సెక్కి భీమిలి దాకా వెళ్లండి. టోక్యో నుంచి పని మీద వచ్చారు, విశాఖలో ఇదే మీ మొదటి రోజు అనుకోండి. నలభై వాక్యాలు రాయాలి. "ఆంధ్రావాళ్లు" అన్న మాట ఎక్కడా రాకూడదు. వచ్చేటప్పుడు కూడా అదే బస్సెక్కి, రెండో వైపు కిటికీ దగ్గర కూర్చుని, రాసింది సరిచూసుకోండి. కారణం తెలియనివాటి కింద గీత పెట్టండి, కండక్టరునో పక్కనున్న పెద్దాయననో అడగండి. అప్పటికీ తేలని వాక్యాలే నాకు పంపండి, వచ్చే పాఠం వాటితోనే.