పూలు అయిపోగానే తోట బోసిపోతోందా?

సమస్య: సంక్రాంతికి బంతి, చామంతులతో కళకళలాడిన పెరడు, ఎండలు ముదిరేసరికి ఖాళీగా కనిపిస్తుంది.

కారణం: తోటంతా పూలనే నమ్ముకుంది. బంతి ఒక్క సీజన్‌తో సరి, చామంతి చలికాలం దాటితే పూయదు.

పరిష్కారం: ముందు ఆకు మొక్కలతో తోట నింపండి, పూలకు మధ్యమధ్యలో చోటివ్వండి. ఎండ పడేచోట వెనక వరుసకు ఎర్రటి అకాలిఫా, దాని ముందు పసుపు ఆకుల డ్యురాంటా, అంచుకు ఊదారంగు పర్పుల్ హార్ట్ వేస్తే చాలు, ఏడాది పొడవునా రంగుంటుంది. కడియం నర్సరీలకు వెళ్తే కనిపించిన ప్రతి రకం ఒక్కోటి కొనాలనిపిస్తుంది. అలా కొంటే తోట గజిబిజిగా తయారవుతుంది. మూడు నాలుగు రకాలే తీసుకుని, ఒక్కో రకాన్ని గుంపుగా నాటండి. వెడల్పాటి ఆకు పక్కన సన్నటి ఆకు ఉంటే రెండూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నా దృష్టిలో రంగుకంటే ఇదే ముఖ్యం.

సమస్య: నర్సరీలో ఎర్రగా ఉన్న క్రోటన్ ఇంటికొచ్చాక పచ్చబడింది.

కారణం: వెలుతురు చాలడం లేదు.

పరిష్కారం: ఉదయపు ఎండ నాలుగైదు గంటలు తగిలే చోటికి మెల్లమెల్లగా మార్చండి. కొత్త ఆకులు ముదిరేకొద్దీ రంగు తిరుగుతుంది. చోటు మారినప్పుడు కొన్ని ఆకులు రాలడం మామూలే. టెన్షన్ పడి నీళ్లు ఎక్కువ పోయకండి, వేరు కుళ్లుతుంది.

సమస్య: తెల్ల మచ్చల మొక్కలో మొత్తం పచ్చటి కొమ్మలు వస్తున్నాయి.

కారణం, పరిష్కారం: పచ్చటి కొమ్మలో పత్రహరితం ఎక్కువ, అందుకే అది వేగంగా పెరిగి మచ్చల కొమ్మలను అణిచేస్తుంది. కనబడగానే మొదలుదాకా కత్తిరించండి.

సమస్య: రంగురంగుల ఆకుల కోలియస్ సన్నగా సాగి, కింద బోడిగా మారింది.

కారణం, పరిష్కారం: నీడ ఎక్కువైతే సాగుతుంది, పూత వదిలేస్తే ఆకు చిన్నబోతుంది. పూమొగ్గ రాగానే చివర్లు గిల్లేయండి. గిల్లిన కొమ్మను నీళ్లలో పెడితే వేళ్లొస్తాయి.

సమస్య: చలికాలంలో కలాడియం (దుంప నుంచి పెరిగే రంగు ఆకుల మొక్క) ఆకులన్నీ వాలిపోయాయి.

కారణం: చావలేదు, దుంప నిద్రపోతోంది.

పరిష్కారం: నీళ్లు ఆపి, కుండీని వాన పడని చోట పక్కన పెట్టండి. ఎండలు ముదిరి తొలకరి దగ్గరపడ్డాక కొద్దికొద్దిగా తడిపితే మళ్లీ చిగురిస్తుంది. దీని ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది కాబట్టి చిన్నపిల్లలకు అందని ఎత్తులో ఉంచండి.