విండోస్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి ఎస్‌ఎస్‌ఎల్ (కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) పెట్టేముందు ఇవి చూస్కోండి

ముందు కాన్ఫిగ్ ఫైళ్లు రెండూ, అంటే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డాట్ కాన్ఫ్, పీజీ హెచ్‌బీఏ డాట్ కాన్ఫ్ (ఎవరు ఎలా కనెక్ట్ అవ్వొచ్చో రాసి ఉండేది), వేరే ఫోల్డర్‌లో కాపీ చేసి పెట్టుకోండి. తర్వాత తిట్టుకునే పని ఉండదు.

సిస్టమ్ టైమ్ కరెక్ట్‌గా ఉందా? లేకపోతే మంచి సర్టిఫికెట్ (సర్వర్ ఎవరో రుజువు చేసే ఫైల్) కూడా చెల్లదంటుంది.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ టూల్‌తో సొంతంగా సర్టిఫికెట్ చేసుకుంటుంటే అది ఎన్ని రోజులు చెల్లాలో మీరే ఇవ్వండి, ఇవ్వకపోతే 30 రోజులే వస్తుంది, నేనలాగే మర్చిపోయి నెల తిరిగేసరికి యాప్ ఎందుకు ఆగిందో తెలీక సగం రోజు పాస్‌వర్డ్‌లు మారుస్తూ కూర్చున్నా.

సర్టిఫికెట్‌కి జతగా ఉండే రహస్య కీ ఫైల్ వాట్సాప్‌లో, గిట్‌లో పెట్టకండి బాబూ. లైనక్స్‌లో అయితే దాని పర్మిషన్లు వదులుగా ఉంటే సర్వరే స్టార్ట్ కాదు, విండోస్‌లో ఆ చెకింగ్ లేదు కాబట్టి ఫోల్డర్ ఎవరెవరికి కనిపిస్తుందో మీరే చూసుకోవాలి.

అసలు మెలిక ఎస్‌ఎస్‌ఎల్‌మోడ్‌లో, అంటే కనెక్ట్ అయ్యే యాప్ వైపు ఇచ్చే సెట్టింగ్‌లో ఉంది. ఏమీ ఇవ్వకపోతే 'ప్రిఫర్' అనుకుంటుంది, అంటే ఎన్‌క్రిప్షన్ కుదరకపోతే చప్పుడు చేయకుండా మామూలుగానే కనెక్ట్ అయిపోతుంది. 'రిక్వైర్' పెడితే ఎన్‌క్రిప్ట్ అవుతుంది గానీ అవతల ఉన్నది మన సర్వరేనా అన్న గ్యారంటీ లేదు, అందుకే 'వెరిఫై-ఫుల్' పెట్టండి, రూట్ సర్టిఫికెట్‌ని (సర్వర్ సర్టిఫికెట్ అసలుదో కాదో తేల్చేది) కనెక్ట్ అయ్యే మెషీన్‌లో యాప్‌డేటా కింద పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఫోల్డర్‌లో ఉంచండి, సర్టిఫికెట్‌లో ఉన్న పేరుతోనే కనెక్ట్ అవ్వండి.

హెచ్‌బీఏ ఫైల్‌లో 'హోస్ట్' లైను ఎన్‌క్రిప్షన్ లేనివాళ్లనీ రానిస్తుంది, బయటి ఐపీలకి 'హోస్ట్‌ఎస్‌ఎస్‌ఎల్' రాయండి. అయ్యాక పీజీ స్టాట్ ఎస్‌ఎస్‌ఎల్ వ్యూలో మీ కనెక్షన్ పక్కన ట్రూ అని ఉందో లేదో చూడండి.