సైన్యం రాని హైదరాబాద్: చరిత్రను మార్చి యువ పాఠకులకు నవల రాయడం ఎలా

చరిత్ర మరో దారి పట్టి ఉంటే ఎలాంటి నిర్బంధ రాజ్యం ఏర్పడేదో ఊహించి పదహారేళ్ల పాఠకులకు నవల రాయదలచినవారు ముందుగా మార్చవలసిన ఘటనను, అదీ ఒకే ఒక్కదాన్ని, ఎంచుకోవాలి. రెండు మూడు మారిస్తే దేని వల్ల ఏది జరిగిందో పాఠకుడికి అంతుపట్టదు. తెలుగువారికి హైదరాబాద్ సంస్థానాన్ని మించిన నేపథ్యం లేదని నా అభిప్రాయం. ఉన్న సంబంధాలను ఉన్నట్టే కొనసాగించాలని నిజాం, భారత ప్రభుత్వాల మధ్య 1947 నవంబరు 29న కుదిరిన యథాతథ ఒప్పందం గడువు ఒక ఏడాది. అది తీరకముందే, 1948 సెప్టెంబరు 13న, భారత సైన్యం సంస్థానంలో అడుగుపెట్టింది. ఆ సైన్యం రాలేదనీ, ఒప్పందాన్ని ఏటేటా పొడిగిస్తూ పోయారనీ అనుకుని, కథను 1965లో మొదలుపెట్టండి.

తర్వాతి పని చట్టాలు. వాటిని గాలిలోంచి పుట్టించకుండా, నిజంగా అమలైన వాటినే మరికొంత ముందుకు సాగదీయండి. సభ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలన్న నిజాం ప్రభుత్వ ఉత్తర్వు గస్తీ నిషాన్ 53 ఉండనే ఉంది. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను బహిష్కరిస్తే, వారిలో కొందరు నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. మీ కథలో ఆ దారి కూడా మూసుకుపోయిందనుకుంటే, నిర్బంధం ఎంత బిగిసిందో వేరే చెప్పనక్కరలేదు.

కథాస్థలానికి మునగాల పరగణాను పరిశీలించమని గట్టిగా చెబుతాను. నల్లగొండ జిల్లా గ్రామాల నడుమ ఉన్నా అది బ్రిటిష్ పాలనలోని కృష్ణా జిల్లాకు చెందినది. సైన్యం రాని చరిత్రలో అది నిజాం రాజ్యం మధ్య చిక్కుకున్న భారత భూమి అవుతుంది. నిజాం వైపున్న కోదాడ నుంచి మునగాల బడికి రోజూ వెళ్లే అమ్మాయిని ఊహించండి. ఆమె కొంగు ముడిలో నిజాం నాణెం హాలీ సిక్కా, పుస్తకాల సంచి అడుగున భారత రూపాయి. సరిహద్దులో సుంకం వసూలుచేసే కరోడ్‌గిరీ నాకా దగ్గర నిజాం జవాను ఆమె తెలుగు వాచకం పుటలు ఒక్కొక్కటే తిప్పి, గాంధీ పాఠం ఉన్న కాగితాన్ని చింపి, పుస్తకం తిరిగి ఇస్తాడు. రాజ్యవ్యవస్థ మొత్తాన్ని తొలి అధ్యాయంలో వివరించే బదులు ఇలాంటి దృశ్యం ఒక్కటి చాలు. ఆ జవాను ఆమె సొంత మేనమామ అయితే కథ మరింత బిగుస్తుంది.

ఒక్క విషయంలో చాలా జాగ్రత్త అవసరం: ప్రతినాయకుడిగా ఒక మతాన్ని నిలబెట్టకండి. 1948 ఆగస్టులో నిజాం పాలనకు కొమ్ముకాసిన సాయుధ దళం రజాకార్లు చంపిన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిం. తెలంగాణ పల్లెల్లో వెట్టి చేయించుకున్న పెద్ద భూస్వాములైన దేశ్‌ముఖుల్లో ఎందరో హిందువులు. ఈ చిక్కుముడిని విప్పకుండా యథాతథంగా చూపితేనే యువ పాఠకులు నమ్ముతారు.

ముగింపులో ఆ అమ్మాయి చేత రాజ్యాన్ని కూల్పించవద్దు. చిరిగిన పాఠాన్ని కంఠస్థం చేసి నాకా ఇవతలి పిల్లలకు రాత్రిపూట చెప్పడం, అది తెలిసిన మేనమామ ఫిర్యాదు చేయాలా వద్దా అని నిర్ణయించుకోవలసి రావడం ఆమె వయసుకు తగిన తిరుగుబాటు.