సిస్టమ్ అప్‌గ్రేడ్ అయ్యాక వైఫై ఆగి ఆగి వస్తోందా? ఫార్మాట్ చేయించే ముందు ఇవి చూడండి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దానికి కాస్త ముందూ వెనకా మా హనుమకొండలో తెలిసినవాళ్లు చాలామంది పాత ల్యాప్‌టాప్‌లను విండోస్ 11కు మార్చుకున్నారు. మార్చుకున్నవారిలో కొందరు వారం తిరగకుండానే ఒకే మాట చెప్పారు: ‘అంతా బాగానే ఉంది, వైఫై మాత్రం నిలవడం లేదు.’ పది నిమిషాలు వస్తుంది, పోతుంది, మళ్లీ దానంతట అదే వస్తుంది. ఎవరిని అడిగినా మొదట దొరికే సలహా ‘ఫార్మాట్ కొట్టించు’ అని. దయచేసి ఆ పని చేయకండి. ఇలాంటి సమస్య ఎక్కువసార్లు డ్రైవర్‌లోనో, ఒక చిన్న సెట్టింగులోనో ఉంటుంది. ఫార్మాట్ చేశాక అదే డ్రైవర్ మళ్లీ వచ్చి కూర్చుంటే వైఫై బాగుపడదు, విడిగా దాచుకోని పిల్లల ఫొటోలు మాత్రం పోతాయి. ఒక సాయంత్రం ఓపిక పట్టగలిగితే ఇంట్లోనే కారణం తేల్చుకోవచ్చు.

ఒక నోటు పుస్తకం పక్కన పెట్టుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, చేసింది రాసుకోండి, కనీసం అరగంట వాడి చూడండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. రెండు నెలల తర్వాత సమస్య తిరిగి వస్తే మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చండి

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. చాలామంది దాటేసేది కూడా ఇదే. మీ ల్యాప్‌టాప్‌కు నెట్ రావాలంటే మూడు అంచెలు సరిగా ఉండాలి: ల్యాప్‌టాప్ నుంచి రూటర్ దాకా గాలిలో వెళ్లే సిగ్నల్, రూటర్ నుంచి వీధి స్తంభం మీదుగా వెళ్లే తీగ, ఆ పైన వెబ్‌సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్. అప్‌గ్రేడ్ చేసిన వారంలోనే వీధిలో తీగ తెగిందనుకోండి, నింద కొత్త సిస్టమ్ మీద పడుతుంది. మా వీధిలో కోతులు తీగలు పట్టుకుని ఊగుతాయి కాబట్టి ఈ సంగతి ఊరికే చెప్పడం లేదు.

నెట్ పోయిన క్షణంలో అదే గదిలో, అదే వైఫై మీద ఉన్న ఫోను చూడండి. మొబైల్ డేటా ఆపేసి చూడాలి, లేకపోతే ఫోను చెప్పేది నమ్మలేం. ఫోనులో కూడా రాకపోతే ల్యాప్‌టాప్‌ను వదిలేసి నెట్ ఆపరేటర్‌కు ఫోన్ చేయండి. ఫోనులో వస్తూ ల్యాప్‌టాప్‌లో రాకపోతే కింది పరీక్ష చేయండి.

స్టార్ట్ పక్కన వెతికే చోట సీఎండీ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొడితే కమాండ్ ప్రాంప్ట్ అనే నల్లటి తెర తెరుచుకుంటుంది. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో ఐపీకాన్ఫిగ్ అని కొట్టి ఎంటర్ నొక్కితే, డిఫాల్ట్ గేట్‌వే అన్న వరుసలో మీ రూటర్ చిరునామా కనిపిస్తుంది. చాలా ఇళ్లలో అది 192.168.1.1 గానో 192.168.0.1 గానో ఉంటుంది. ఇప్పుడు పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి ఆ చిరునామా, మళ్లీ ఖాళీ వదిలి చిన్న గీత, దానికి ఆనుకుని ‘టి’ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. రూటర్ ఇచ్చే జవాబులు ఒకదాని కింద ఒకటి వస్తూనే ఉంటాయి. అలాంటిదే మరో తెర తెరిచి అందులో 8.8.8.8 కు ఇదే పని చేయండి. అది గూగుల్ నడిపే డీఎన్ఎస్ సర్వర్ చిరునామా. రెండు తెరలూ పక్కపక్కన ఉంచి మీ పని మీరు చేసుకోండి. ఆపాలంటే కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కాలి.

నెట్ పోయినప్పుడు ఈ రెండు తెరలు చూస్తే తప్పు ఏ అంచెలో ఉందో తెలిసిపోతుంది. రూటర్ తెర మీదే ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అని వస్తుంటే ల్యాప్‌టాప్‌కు, రూటర్‌కు మధ్య తెగుతోంది. మన వెతుకులాట అక్కడే. జవాబులు వస్తున్నా 3, 5 మిల్లీసెకన్లు ఉండాల్సినవి వందల్లోకి ఎగిరి పడుతుంటే సిగ్నల్ బలహీనంగా ఉందనో, పక్కిళ్ల వైఫైలతో రద్దీగా ఉందనో అర్థం. రూటర్ చక్కగా జవాబిస్తూ 8.8.8.8 మాత్రం పలకకపోతే తీగదో ఆపరేటర్‌దో లోపం. రెండూ పలుకుతున్నా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే డీఎన్ఎస్‌ను అనుమానించాలి.

లోపం ల్యాప్‌టాప్ వైపు ఉంటే

ముందుగా రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం దీనికి సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ పనిచేస్తున్న కంప్యూటర్లు షట్‌డౌన్ చేసినప్పుడు కూడా సిస్టమ్ స్థితిలో కొంత భాగాన్ని దాచుకుని, ఆన్ చేయగానే దాన్నే తిరిగి తెస్తాయి. రీస్టార్ట్ చేస్తేనే అంతా కొత్తగా మొదలవుతుంది.

తర్వాత డ్రైవర్. ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డుకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య మాట అందించే చిన్న ప్రోగ్రాం అది. అప్‌గ్రేడ్ జరిగేటప్పుడు ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన డ్రైవర్ పోయి మరొకటి రావచ్చు. వచ్చినది మీ కార్డుతో అంత పొందికగా ఉండకపోవచ్చు. స్టార్ట్ గుర్తు మీద మౌస్ కుడి మీట నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్, క్వాల్కామ్ లాంటి పేరుతో మీ వైఫై కార్డు ఉంటుంది. దాని మీద రెండుసార్లు నొక్కి డ్రైవర్ అనే భాగంలోకి వెళ్లండి. అక్కడున్న తేదీ, వెర్షన్ అంకెలు ముందు నోటు పుస్తకంలో రాసుకోండి.

అదే చోట ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ వెలిగి ఉంటే నొక్కండి, పాత డ్రైవర్ తిరిగి వస్తుంది. అది మసకగా ఉంటే ‘అప్‌డేట్ డ్రైవర్’లో కంప్యూటర్‌లోనే వెతికే మార్గం ఎంచుకుని, అందుబాటులో ఉన్న డ్రైవర్ల జాబితా తెరవండి. ఒకే పేరుతో రెండు మూడు వెర్షన్లు కనిపిస్తే ఇప్పుడు నడుస్తున్నది కాక మరొకటి పెట్టి చూడండి. అదీ కుదరకపోతే ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ సంఖ్య కొట్టి విండోస్ 11 వైఫై డ్రైవర్ దించుకోండి. డ్రైవర్లు ఇస్తామని పిలిచే ఇతర సైట్ల జోలికి వెళ్లకండి, వాటి వెంట ఏమేం వస్తాయో చెప్పలేం.

నెట్టే లేనప్పుడు డ్రైవర్ ఎలా దించుకోవాలి? ఆండ్రాయిడ్ ఫోనును ఛార్జింగ్ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోను సెట్టింగుల్లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. తీగ డేటా కూడా మోసేదై ఉండాలి, కొన్ని చవక తీగలు ఛార్జింగ్‌కే పనికొస్తాయి. వైఫై కార్డుతో పని లేకుండా ఫోను నెట్ ల్యాప్‌టాప్‌కు వస్తుంది. ఈ ఒక్క కిటుకు తెలిస్తే సగం గాభరా తగ్గుతుంది.

డ్రైవర్ బాగానే ఉన్నా, కాసేపు వాడకుండా వదిలేసి వచ్చేసరికి నెట్ పోతోందంటే కరెంటు పొదుపు కారణం కావచ్చు. డివైస్ మేనేజర్‌లో అదే కార్డు కింద పవర్ మేనేజ్‌మెంట్ భాగం ఉంటుంది. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేసే అనుమతి కంప్యూటర్‌కు ఇచ్చే టిక్కు అక్కడుంటుంది. దాన్ని తీసేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ భాగమే కనిపించదు. అప్పుడు కంపెనీ ఇచ్చే తాజా డ్రైవరే దారి.

హాస్టల్ విద్యార్థులకు ఒక మాట. కొన్ని చోట్ల ల్యాప్‌టాప్ వైఫై కార్డు చిరునామాను ముందే నమోదు చేసుకుంటేనే నెట్ ఇస్తారు. విండోస్ వైఫై సెట్టింగుల్లో ‘ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్’ ఆన్‌లో ఉంటే మీ ల్యాప్‌టాప్ నమోదు కాని చిరునామాతో తలుపు తడుతుంది, లోపలికి రానివ్వరు. దాన్ని ఆఫ్ చేసి చూడండి. విండోస్ బదులు ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవారికైతే వైఫై డ్రైవర్ చాలావరకు కెర్నల్‌లోనే, అంటే ఆ సిస్టమ్ మూల భాగంలోనే వస్తుంది. కాబట్టి కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే జాబితాలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో తెరవండి. అందులో వైఫై నిలకడగా ఉంటే కారణం దొరికినట్టే.

రూటర్ పేరే కనిపించకపోతే

కొత్తవాడలో మా మేనత్త ఇంట్లో జరిగింది చెబుతాను. ఆమె మనవరాలు ఎప్‌సెట్ నమూనా పరీక్షలు ల్యాప్‌టాప్‌లో రాసుకుంటోంది. సిస్టమ్ మార్చాక ఒక్కోరోజు వైఫై చక్కగా ఉంటుంది, ఒక్కోరోజు రూటర్ పేరే ఉండదు. ‘మామయ్యా, ఫోన్లో వస్తోంది కదా, నా ల్యాప్‌టాప్‌కే ఎందుకు కనిపించడం లేదు?’ అని ఆ పిల్ల దాదాపు ఏడ్చేసింది. డ్రైవర్ మార్చాను, మారలేదు. చివరికి రూటర్ సెట్టింగులు తెరిస్తే ఛానల్, అంటే వైఫై సిగ్నల్ నడిచే దారి, ‘ఆటో’లో ఉంది, ఆరోజు అది 13వ ఛానల్‌కు వెళ్లి కూర్చుంది.

2.4 గిగాహెర్ట్‌జ్ వైఫైలో మన దేశంలో 13 ఛానళ్లు వాడవచ్చు. అమెరికాలో మామూలుగా 11 దాకానే వాడతారు. డ్రైవర్ మారినప్పుడు కార్డు అమెరికా లెక్కకు వెళ్తే 12, 13 ఛానళ్లు దానికి అసలు కనిపించవు. రూటర్ తనంతట తాను ఛానల్ మార్చుకుంటుంది కాబట్టి ఒకరోజు వచ్చి ఒకరోజు రాదు. రూటర్‌లో ఛానల్ 6 అని స్థిరం చేశాం, ఆ తర్వాత ఆ ఇంట్లో ఫిర్యాదు లేదు. మీరూ 1, 6, 11లో ఒకటి పెట్టండి. ఒకదానిపై ఒకటి పడకుండా ఉండే ఛానళ్లు ఆ మూడే. ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉండే వీధుల్లో ఇది మరీ అవసరం.

రూటర్ పేజీలో ఉన్నప్పుడే భద్రత పద్ధతి డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ గానో, రూటరూ కార్డూ రెండూ ఒప్పుకుంటే డబ్ల్యూపీఏ3 గానో ఉందేమో చూడండి. పాత డబ్ల్యూఈపీ, టీకేఐపీ ఉంటే మార్చేయండి. 5 గిగాహెర్ట్‌జ్ వైఫైకి 2.4 కంటే వేగం ఎక్కువే కానీ మందపాటి గోడలు దాటడం కష్టం. ల్యాప్‌టాప్ ఆ రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే రెంటికీ వేర్వేరు పేర్లు పెట్టి, దూరపు గదిలో 2.4కే కలపండి. మే నెల ఎండల్లో రేకుల కప్పు కింద అటక మీద పెట్టిన రూటర్ వేడెక్కి తనంతట తాను ఆగిపోవచ్చు. దాన్ని కిందికి, గాలి తగిలే చోటికి దించండి.

ఇంకా కుదరకపోతే

అప్పుడే నెట్‌వర్క్ రీసెట్. సెట్టింగుల్లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ చివర ఉంటుంది. ఫైళ్లకు ఏమీ కాదు. కానీ దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ పోతాయి, ఆఫీసు వీపీఎన్ ఉంటే మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు. నొక్కే ముందు పాస్‌వర్డులు రాసుకోండి.

అప్‌గ్రేడ్ చేసి 10 రోజులు దాటకపోతే సెట్టింగుల్లో సిస్టమ్, రికవరీ కింద ‘గో బ్యాక్’ నొక్కి పాత వెర్షన్‌కు వెళ్లవచ్చు. ఆ గడువు తర్వాత ఆ దారి మూసుకుపోతుంది, అందుకే ఈ పరీక్షలు మొదటి వారంలోనే చేయమంటున్నాను. అయితే భద్రతా మద్దతు ముగిసిన వెర్షన్‌లో ఎక్కువ కాలం ఉండటం మంచిది కాదు.

కార్డే మరీ పాతదై, కొత్త సిస్టమ్‌కు తగిన డ్రైవర్ దానికి ఎక్కడా లేకపోతే యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొనుక్కోండి. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, ల్యాప్‌టాప్ మార్చనక్కర్లేదు. పెట్టె మీద విండోస్ 11 అని రాసి ఉందో లేదో కొనేటప్పుడే చూడండి. ఇంటికొచ్చాక దాన్ని యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ పక్క రంధ్రంలో పెట్టకండి. ఆ డిస్క్ నడిచేటప్పుడు వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్‌జ్ సిగ్నల్‌ను చెడగొడుతుంది. ల్యాప్‌టాప్ రెండో వైపున్న రంధ్రంలో పెట్టండి.