సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ ఎలా మాన్పించానంటే

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర సాయంత్రం బ్యాచ్‌కి స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. డిగ్రీ అయ్యి ఉద్యోగాలు వెతుక్కుంటున్న పిల్లలే ఎక్కువ. మొదట్లో అందరిచేతా సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పట్టించాను. తప్పు నాదే. నల్గొండ నుంచి వచ్చిన ఒకమ్మాయి గడగడా అప్పజెప్పేది. ఇంటర్వ్యూలో మధ్యలో ఆపి, "ప్రాజెక్టులో మీరు చేసిందేంటి?" అని అడిగేసరికి నోరు పెగల్లేదట. "మళ్లీ మొదటి నుంచి చెప్పనా అని అడిగాను సార్" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ బట్టీ పట్టిన కాగితం పక్కన పెట్టించాను. ముందు తెలుగులోనే చెప్పమన్నాను: పరిస్థితేంటి, అందులో నీ పనేంటి, ఏం చేశావు, చివరికేమైంది. విషయం కుదిరాక అదే ఇంగ్లిష్‌లో, చిన్న చిన్న వాక్యాల్లో. "వి డిడ్" అన్నప్పుడల్లా ఆపి "ఐ డిడ్" అనిపించాను. మనవాళ్లకి "నేను చేశాను" అనడం మహా మొహమాటం! ఫోన్లో రికార్డు చేసుకుని వినమన్నాను. 2 నిమిషాల్లో 14 సార్లు "బేసికల్లీ" అన్నానని ఆ అమ్మాయే లెక్కపెట్టుకుంది.

అర్థంకాని ప్రశ్నకి తలూపేయడం ఇంకో జబ్బు. ఇప్పుడు నేను కావాలనే గబగబా గొణుగుతాను, వాళ్లు "కుడ్ యూ ప్లీజ్ రిపీట్ దట్?" అనాలి. ఉద్యోగంలో చేరాక మీటింగుల్లోనూ ఇదే ఎక్కువ పనికొస్తోందంటున్నారు.

పేరు చెప్పేటప్పుడు "ఐ యామ్" అనాల్సిన చోట "మైసెల్ఫ్ ఫలానా" అనడం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. అలా మొదలుపెట్టినవాళ్లు అందరికీ చాయ్ ఇప్పించాలని పందెం. ఈ వారం 3 సార్లు తాగాం.